కలిసి మోకరించడానికే ఇన్నేళ్లు పట్టింది

క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒక గదిలో చేరి ప్రభువు నేర్పిన ప్రార్థన కలిసి చెప్పుకుంటే ఇప్పుడు పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఐక్యత గురించి మాట్లాడుకునే సమావేశాల మొదట్లో, చివర్లో ఆ ప్రార్థన కలిసి చేసినా తప్పులేదని వాటికన్ చెప్పింది 1949 డిసెంబరులో! అందరికీ కంఠతా వచ్చిన ప్రార్థనకే అనుమతి కావలసి వచ్చిందంటే సంఘాల మధ్య దూరం ఎంతుండేదో చూడండి.

ఆ దూరం ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. 1054లో రోము (క్యాథలిక్), కాన్‌స్టాంటినోపుల్ (తూర్పు ఆర్థడాక్స్) నాయకులు ఒకరినొకరు వెలివేసుకున్నారు, 1517లో జర్మనీ సంస్కర్త లూథర్‌తో పశ్చిమ సంఘం చీలి ప్రొటెస్టెంట్లు వేరుపడడం మొదలైంది. తర్వాత ప్రొటెస్టెంట్లలోనే ఎన్ని శాఖలు వచ్చాయో లెక్కపెట్టడం కష్టం. అందరి బైబిల్లోనూ యోహాను సువార్త 17వ అధ్యాయం ఉంది, తనను నమ్మేవాళ్లంతా ఒక్కటిగా ఉండాలని యేసు తండ్రిని వేడుకున్న మాట అందులోనే ఉంది.

ఆ వేడుకోలును పట్టుకుని 1908లో పాల్ వాట్సన్ అనే ఫాదర్ న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేమూర్‌లో ఎనిమిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాడు, జనవరి 18 నుంచి 25 వరకు. ఆయన అప్పటికి ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్) సంఘంవాడు, మరుసటి ఏడాదే తన సన్యాస సమాజంతో సహా క్యాథలిక్ సంఘంలో చేరిపోయాడు. ఆ తేదీలూ ఊరికే పెట్టినవి కావు, 18న పేతురు పీఠం పండుగ, 25న పౌలు మారుమనస్సు పండుగ. క్యాథలిక్కుల లెక్కలో పేతురే మొదటి పోపు, ఆయన పీఠం అంటే రోమే కదా, మిగతావాళ్లంతా పోపు దగ్గరికి తిరిగి రావాలన్నదే ఆ ప్రార్థన సారాంశం. 1916లో పోప్ దాన్ని క్యాథలిక్ సంఘమంతటికీ విస్తరింపజేశాడు, కానీ 'మీరు మా దాంట్లోకి వచ్చేయండి' అనే ప్రార్థనకు అవతలివాళ్లు ఆమేన్ ఎలా అంటారు? పైగా 1928లో పోప్ పదకొండో పయస్, క్యాథలిక్కులు కానివాళ్లు పెట్టే ఐక్యతా సభలకు మనవాళ్లు వెళ్లకూడదని గట్టిగా రాశాడు.

నా ఉద్దేశంలో అసలు మలుపు తిప్పింది పాల్ కుటురియే, ఫ్రాన్స్‌లో లియోన్‌కు చెందిన ఒక మామూలు ఫాదర్. ఆ ఊరికి చేరిన రష్యన్ శరణార్థుల మధ్య పనిచేస్తూ ఆర్థడాక్స్ వాళ్ల భక్తిని దగ్గర్నుంచి చూశాడు. 1930లలో ఆయన ఆ ఎనిమిది రోజుల ప్రార్థనలో చేసిన మార్పు పైకి చిన్నదే: ఎవరు ఎవరిలో కలవాలో మనం దేవుడికి చెప్పొద్దు, క్రీస్తు కోరే ఐక్యత ఆయన కోరే మార్గంలోనే రావాలని అడుగుదాం అన్నాడు. అలా అడిగితే ఎవరూ తమ సంఘాన్ని కాదనుకోనక్కర్లేదు కాబట్టి క్యాథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ ఎవరైనా అందులో చేరవచ్చు.

తర్వాత చకచకా జరిగిపోయాయి. 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాల వేదికగా ప్రపంచ సంఘాల మండలి ఏర్పడింది, 1964లో క్యాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ కలిసి ప్రార్థించమని తనవాళ్లను ప్రోత్సహించింది, 1965 డిసెంబరు 7న పోప్ ఆరో పాల్, కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ అధిపతి పాత్రియార్క్ అతెనగోరస్ 1054 నాటి వెలివేతలను చరిత్రలో కలిపేశారు. 1968 నుంచి ఐక్యతా ప్రార్థనా వారానికి మండలివాళ్లు, వాటికన్‌వాళ్లు కలిసి తయారుచేసిన పాఠాలనే వాడుతున్నారు. తమాషా ఏంటంటే, జనవరి 18 నాటి పేతురు పీఠం పండుగను 1960లో రోము క్యాలెండర్ నుంచి తీసేసినా, ప్రార్థన వారం మాత్రం ఆ తేదీనే మొదలవుతోంది.

అయితే ప్రభు భోజనపు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. పాటలు, వాక్యం, ప్రార్థన అన్నీ కలిసి చేసినవాళ్లు ప్రభు భోజనానికి మాత్రం చాలావరకు ఎవరి గుడికి వాళ్లే వెళతారు, ఎందుకంటే ఆ రొట్టె, ద్రాక్షారసం అంటే ఏమిటి, దాన్ని ఇచ్చే అధికారం ఎవరిది అన్న చోట ఇంకా ఒప్పందం కుదరలేదు. అంతెందుకు, ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే 'కీడు నుండి తప్పించుము' దగ్గర క్యాథలిక్కులు అలవాటుగా ఆగిపోతారు, పక్కనున్న ప్రొటెస్టెంట్లు మాత్రం 'రాజ్యము, బలము, మహిమ' అంటూ ఇంకో వాక్యం చెప్పేస్తుంటారు.