మెడ విరిస్తే తలనొప్పి పోతుందా? నూట ముప్పై ఏళ్ల వాదన

వెన్ను, మెడ పూసలను చేత్తో నొక్కి సర్దే కైరోప్రాక్టిక్ తలనొప్పి వైద్యంగా పుట్టలేదు. 1895 సెప్టెంబరులో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే అయస్కాంత వైద్యుడు, హార్వే లిలార్డ్ అనే పనివాడి వెన్నులో పక్కకు జరిగినట్టు కనిపించిన ఒక పూసను నొక్కి సర్దాడు. దాంతో లిలార్డ్‌కు తగ్గిపోయిన వినికిడి తిరిగి వచ్చిందని ప్రకటించాడు. ఆ ఒక్క సంఘటన మీదే ఒక సిద్ధాంతం నిలబెట్టాడు: నూటికి తొంభై అయిదు రోగాలకు మూలం పక్కకు తప్పిన వెన్నుపూసలేనట! ఆ లెక్కలో తలనొప్పి కూడా వచ్చి చేరింది. ఇంత పెద్ద మాటకు అప్పట్లో ఆధారం మాత్రం లేదు.

తర్వాత చాలాకాలం గొడవ వైద్యం మీద కంటే హక్కు మీదే నడిచింది. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో పామర్‌ను జైల్లో పెట్టారు. 1913లో కాన్సస్ రాష్ట్రం ఈ వృత్తికి చట్టం చేసింది. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకునేసరికి 1974 అయింది. ఈలోగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని నకిలీ వైద్యం కింద జమకట్టి, తన డాక్టర్లను కైరోప్రాక్టర్లతో (ఈ వైద్యం చేసేవాళ్లతో) కలిసి పనిచేయవద్దంది. కైరోప్రాక్టర్లు కోర్టుకెక్కి 1987లో గెలిచారు. ఆ తీర్పు వ్యాపార పోటీని అడ్డుకోకూడదనే చట్టానికి సంబంధించినది. అది వైద్యం పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. కానీ చాలామంది దాన్ని అలాగే చెప్పుకుంటారు.

నా దృష్టిలో అసలు మలుపు కోర్టులో రాలేదు, తలనొప్పులను రకాలుగా విడదీయడంలో వచ్చింది. మెడ నుంచి పుట్టే తలనొప్పిని ప్రత్యేకంగా గుర్తించి 1983లో వివరించినవాడు నార్వే న్యూరాలజిస్టు ఒట్టార్ స్యోస్టాడ్. అంతర్జాతీయ తలనొప్పి సంఘం తొలి వర్గీకరణ 1988లో వచ్చింది. మెడ తలనొప్పి సాధారణంగా ఒకే పక్క వస్తుంది. మెడ వెనక మొదలై, తల వెనక నుంచి ఎక్కి, కంటి పైదాకా పాకుతుంది. మెడ పూర్తిగా తిరగదు. పై పూసల దగ్గర వేలితో నొక్కితే అదే నొప్పి రేగుతుంది. కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. మెడలోని పై మూడు నరాలు, ముఖానికీ నుదుటికీ స్పర్శనిచ్చే నరం వెన్నుపాము పైభాగంలో ఒకే చోట కలుస్తాయి. అందుకే మెడ కీలులో బాధ నుదుట నొప్పిగా తెలుస్తుంది.

రకాలు తేలాక పరీక్షలు సాధ్యమయ్యాయి. మెడ తలనొప్పి విషయంలో ఫలితం బాగానే ఉంది. 2018లో అమెరికాలో 256 మందిపై జరిగిన అధ్యయనంలో, పద్దెనిమిది సార్లు మెడ సర్దించుకున్నవారికి తలనొప్పి వచ్చే రోజులు దాదాపు సగానికి తగ్గాయి. తేలికపాటి మసాజ్ మాత్రమే చేయించుకున్నవారితో పోల్చినా నెలకు సుమారు మూడు రోజుల తేడా కనిపించింది. తల చుట్టూ బిగించినట్టుండే టెన్షన్ తలనొప్పి దగ్గర సీన్ మారింది. 1998లో అచ్చయిన డెన్మార్క్ అధ్యయనంలో అందరికీ కండరాల మర్దన చేసి, సగం మందికి దానితోపాటు మెడ సర్దారు, మిగతావారికి పనిచేయని లేజర్ పెట్టారు. రెండు గుంపులకూ మేలే జరిగింది, మెడ సర్దడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. మైగ్రేన్‌కు 2017లో నార్వేలో ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూశారు. అసలుదీ ఉత్తుత్తిదీ రెండూ నొప్పి రోజులను తగ్గించాయి. అంటే ఆ మేలు పూసలు సర్దినందువల్ల వచ్చిందని చెప్పలేం. మైగ్రేన్ పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలు చూసినప్పుడు నాకు కోపం వచ్చేది అందుకే.

ప్రమాదం సంగతి దాచకూడదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ఒక జత ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చీలి స్ట్రోక్ వచ్చిన ఉదంతాలున్నాయి. అరుదే, కానీ ప్రాణాంతకం. ఇందులో ఒక చిక్కు ఉంది. ధమని చీలిక మొదటి లక్షణం కూడా మెడనొప్పి, తలనొప్పే. కాబట్టి చీలిక అప్పటికే ఉన్న మనిషి మెడ సర్దించుకోవడానికి వచ్చాడా, సర్దడం వల్లే చీలిందా అన్నది తేల్చడం కష్టం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఈ సంబంధాన్ని పరిశీలించి, మెడ మీద చెయ్యి వేసేముందే ఈ విషయం రోగికి చెప్పాలంది. ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో బిగుసుకున్న మెడ, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి ఉంటే ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

టక్‌మని మెడ విరిచించుకోవడానికి భయపడేవారికి ఇంకో దారి ఉంది. 2002లో ఆస్ట్రేలియాలో 200 మంది మెడ తలనొప్పి రోగులపై ఫిజియోథెరపిస్టులు చేసిన అధ్యయనంలో, మెడ సర్దించుకున్నవారికి ఎంత ఉపశమనం కలిగిందో, మెడ లోపలి కండరాలకు నెమ్మదైన వ్యాయామాలు చేసినవారికీ దాదాపు అంతే కలిగింది. ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది.