నల్లగా గీస్తే నీలంగా పూసే పువ్వు

"చైనా టీ కప్పుల మీది నీలం పువ్వులు, ఏళ్ల తరబడి వేడి టీ పోసినా ఎందుకు వెలిసిపోవు?" అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు చిన్నదే. ఆ పువ్వు గాజులాంటి మెరుగు పొర కింద ఉంటుంది, టీ దాన్ని తాకనే తాకదు. పింగాణీకి సన్నని రంధ్రాలు ఉండవు కాబట్టి నిన్నటి టీ వాసన కూడా ఇవాళ్టి టీకి అంటదు.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ నీలమే. చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్‌లో చిత్రకారులు కుంచెతో గీసేటప్పుడు అది నీలంగా ఉండదు, బూడిద కలిసిన నలుపులా ఉంటుంది. కాల్చని పచ్చి కప్పు మీద గీస్తారు. ఆరిన మట్టి తడిని తాకగానే పీల్చేస్తుంది, గీత తప్పితే దిద్దుకోవడం చాలా కష్టం. పైన మెరుగు పూసి, గాలి తగ్గించిన బట్టీలో సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. బయటికి తీసేసరికి నీలం!

ఆ రంగు కోబాల్ట్ అనే లోహానిది. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే గాజు డబ్బాలో నీలం గుళికలు చూశారా? తేమ పీలిస్తే అవి గులాబీ రంగుకు మారతాయి. అందులోనూ కోబాల్టే. "నీలం గులాబీ అయితే నీరు ఉన్నట్టు" అని బడిలో బట్టీ పట్టించారు గానీ, ఎందుకో చెప్పలేదు. అసలు అందం అక్కడే ఉంది.

తడిలో కోబాల్ట్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు చేరతాయి: నాలుగు దిక్కులా నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి. ప్రతిదానికీ సరిగ్గా ఎదురుగా ఇంకొకటి. ఇంత సౌష్ఠవం ఉన్నచోట కోబాల్ట్‌లోని ఎలక్ట్రాన్ కాంతిని మింగి ఒక డి-స్థాయి (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం శక్తి మెట్టు) నుంచి మరో డి-స్థాయికి గెంతడం దాదాపు నిషిద్ధం. అందుకే రంగు పల్చటి గులాబీ. కరిగిన మెరుగులో దాని చుట్టూ ఉండేవి ఎక్కువగా నాలుగే ఆక్సిజన్లు. సమోసా నాలుగు మూలల్లో నాలుగు ఆక్సిజన్లు, మధ్యలో బఠాణీ గింజలా కోబాల్ట్ అనుకోండి. సమోసాలో ఏ మూలకీ ఎదురు మూల ఉండదు. సౌష్ఠవ కేంద్రం పోయింది, నిషేధం సడలింది. కోబాల్ట్ పసుపు, నారింజ, ఎరుపు కాంతిని ఎన్నో రెట్లు బలంగా మింగేస్తుంది, మనకు నీలం మిగులుతుంది. గాజులో అర శాతం ఉన్నా ముదురు నీలమే.

కోబాల్ట్ పేరులో ఒక దెయ్యం కూడా ఉంది. జర్మనీ గనుల్లో ఈ ఖనిజాన్ని కరిగిస్తే వెండి రాలేదు, విషపు పొగ వచ్చింది. అది కోబోల్డ్ అనే భూతం పని అనుకున్నారు. నిజానికి ఆ పొగ ఆర్సెనిక్‌ది.

14వ శతాబ్దంలో, చైనాను యువాన్ వంశం ఏలిన కాలంలో, మేలిరకం కోబాల్ట్ పర్షియా వైపు నుంచి జింగ్‌డెజెన్ చేరేది. అందులో ఇనుము ఎక్కువ. కుంచె ఆగి రంగు చిక్కగా పేరుకున్నచోటల్లా నల్లటి మచ్చలు తేలేవి. చూడటానికి అవి లోపాలే. కానీ 18వ శతాబ్దపు చిత్రకారులు అలాంటి పాత పాత్రల మీద మోజుతో, శుభ్రమైన రంగు చేతిలో ఉన్నా, కుంచె మొనతో అవే మచ్చలను ఒక్కొక్కటిగా అద్దారు.