ఫ్యూయల్ పంప్, చెక్ వాల్వ్: పాత ఇంజెక్షన్ కార్ల మీద అపోహలు - వాస్తవాలు

బాష్ కంపెనీ కే-జెట్రానిక్ అనే మెకానికల్ పెట్రోల్ ఇంజెక్షన్ ఉన్న పాత స్పోర్ట్స్ కార్లు, ముఖ్యంగా పోర్షే 911 ఎస్‌సి లాంటివి రిపేర్‌కి వస్తే ఓనర్లు చెప్పేది దాదాపు ఒకటే మాట. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుందండీ, ఎక్కడైనా ఓ అరగంట ఆపి మళ్ళీ తీద్దామంటే మాత్రం ఎంత కొట్టినా అందుకోదు, పంప్ పోయినట్టుంది మార్చేయండి అని. చాలాసార్లు పంప్ బానే ఉంటుంది, పోయింది దాని మూతికి బిగించి ఉండే వేలెడంత చెక్ వాల్వ్, అంటే పెట్రోల్‌ని ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్.

అపోహ: వేడి మీద స్టార్ట్ అవ్వట్లేదంటే పంప్ పోయినట్టే.

వాస్తవం: పంపే పోతే రోడ్డు మీద కూడా ఏడిపిస్తుంది కదా, యాక్సిలరేటర్ తొక్కితే లాగదు, మధ్యలో ఆగిపోతుంది. నడిచినంతసేపూ శుభ్రంగా నడిచి, వేడి మీద ఆపి తీసినప్పుడే మొరాయిస్తుంటే అది ప్రెషర్ నిలబడకపోవడం. ఇంజిన్ ఆపగానే చల్లబడిపోదు, ఫ్యాన్ కూడా ఆగిపోతుంది కాబట్టి కాసేపు పైన లైన్లలో వేడి ఇంకా పెరుగుతుంది, ఆ వేడికి పెట్రోల్ ఆవిరైపోకుండా ఉండాలంటే లైన్లో కొంత ప్రెషర్ మిగలాలి, ఎందుకంటే ప్రెషర్ కింద ఉన్న పెట్రోల్ అంత తొందరగా మరగదు. మిగలాల్సింది కూడా ఇంజెక్టర్లు తెరుచుకునే ప్రెషర్ కంటే కాస్త తక్కువే, లేకపోతే ఆపిన బండిలో పెట్రోల్ కారుతూనే ఉంటుంది. ఆ ప్రెషర్ పంప్‌లోంచి వెనక్కి ట్యాంక్‌లోకి జారకుండా ఆపేది చెక్ వాల్వ్, పట్టి ఉంచేది అక్యుమ్యులేటర్, అంటే లోపల స్ప్రింగు, డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉండే చిన్న డబ్బా.

అపోహ: అయితే చెక్ వాల్వ్ మార్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇదీ గుడ్డిగా చేసే పనే. ప్రెషర్ పోవడానికి ఇంకా దార్లున్నాయి, అక్యుమ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ చిరగొచ్చు, ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే ప్రెషర్ రెగ్యులేటర్ ఓ-రింగ్ గట్టిపడి ఉండొచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ముందు లైన్‌కి ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టండి. ఇంజిన్ వేడెక్కాక ఆపేసి గేజ్ ముల్లు చూస్తూ కూర్చోండి, పది నిమిషాలకి ఎంత, ఇరవై నిమిషాలకి ఎంత ఉండాలో ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. ఆపీ ఆపగానే ముల్లు జారిపోతుంటే మళ్ళీ ప్రెషర్ ఎక్కించి, ఈసారి ఆపిన వెంటనే పంప్‌కి ట్యాంక్ నుంచి వచ్చే హోస్‌ని మెత్తటి క్లాంప్‌తో నొక్కి పట్టండి. ఇప్పుడు ముల్లు నిలబడిందా, దొంగ దొరికినట్టే, చెక్ వాల్వ్. నిలబడలేదా, అప్పుడు అక్యుమ్యులేటర్ స్ప్రింగ్ వైపు పైపు విప్పి చూడండి, అందులోంచి పెట్రోల్ వస్తే డయాఫ్రమ్ చిరిగినట్టు. నన్నడిగితే గేజ్ లేకుండా ఈ బండ్ల మీద చెయ్యి వెయ్యకూడదు, పార్టుల ఖర్చుతో పోలిస్తే గేజ్ ఖర్చు లెక్కలోకి రాదు.

అపోహ: పంప్ అరుస్తోందంటే చచ్చిపోతోందని.

వాస్తవం: ఈ రోలర్ పంపులకి నెట్టే బలం ఎక్కువ, పీల్చే బలం తక్కువ. ట్యాంక్‌లో జల్లెడ తుప్పుతో మూసుకుపోయినా, పాత హోస్ లోపల్లోపల ముడుచుకుపోయినా పెట్రోల్ అందక కీచుమంటాయి. అదలా వదిలేసి కొత్త పంప్ పెడితే అది కూడా అరుస్తుంది, తొందరగా పోతుంది కూడా, దానికి లూబ్రికేషన్ ఆ పెట్రోలే కాబట్టి. ఇంకోటి కరెంట్. పంప్ నడుస్తుండగా దాని టెర్మినల్స్ మీదే వోల్టేజ్ చూడండి, బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ అక్కడికీ తేడా బాగా ఉంటే ఎర్త్, రిలే, కనెక్టర్లు చూసుకోవాలి.

అపోహ: ఎలక్ట్రిక్ పంప్ ఏదైనా ఒకటే.

వాస్తవం: అస్సలు కాదు. కార్బ్యురేటర్ బండికి అర బార్ ప్రెషర్ కూడా అక్కర్లేదు, బాష్‌దే ఇంకో రకం ఇంజెక్షన్ ఎల్-జెట్రానిక్‌కి సుమారు రెండున్నర బార్, కే-జెట్రానిక్‌కి ఐదు బార్ దరిదాపుల్లో కావాలి. అలాగని పెద్ద పంప్ పెడితే పవర్ పెరగదు, మిగిలిన పెట్రోల్‌ని రెగ్యులేటర్ తిరిగి ట్యాంక్‌కి పంపేస్తుంది. హోస్ విషయంలోనూ ఇంతే, కార్బ్యురేటర్ లైన్‌కి వాడే మామూలు రబ్బరు గొట్టం ప్రెషర్ వైపు వెయ్యకూడదు.

అపోహ: పంప్ లోపల మోటార్ నిప్పురవ్వలకి పెట్రోల్ అంటుకుంటుంది.

వాస్తవం: పెట్రోల్ ఆ మోటార్ చుట్టూతానే పారుతుంది, లోపల గాలి లేదు కాబట్టి మండదు. మండేదల్లా బయట, మనం విప్పేటప్పుడు. అందుకే ఇంజిన్ చల్లగా, ట్యాంక్ దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యండి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి, వేడెక్కే బల్బు లైట్ దగ్గర పెట్టుకోవద్దు, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

అపోహ: చెక్ వాల్వ్ మార్చడమంటే విప్పి బిగించడమే.

వాస్తవం: 911 ఎస్‌సిలో పంప్ ముందు వైపు కింద స్టీరింగ్ ర్యాక్ దగ్గర ఉంటుంది, వెల్లకిలా పడుకుని చెయ్యాలి. పైపు కలిసే యూనియన్ నట్ మీద గుడ్డ చుట్టి నిదానంగా లూజ్ చెయ్యండి, ఎంత జాగ్రత్తపడ్డా కొంత పెట్రోల్ మోచేతి దాకా కారుతుంది, కళ్ళకి రక్షణ అద్దాలు తప్పనిసరి. విప్పేటప్పుడు పంప్ కదలకుండా ఒక స్పానర్ పట్టి, ఇంకో స్పానర్‌తో తిప్పాలి, లేదంటే బలమంతా పంప్ మూతి మీద పడుతుంది. రాగి వాషర్లు పాతవి మళ్ళీ వాడొద్దు, ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగా పట్టదు. కొత్త వాల్వ్ మర పాతదానితో సరిపోలిందో లేదో బిగించకముందే పక్కపక్కన పెట్టి చూసుకోండి. వైర్లు ప్లస్ మైనస్ తారుమారైతే పంప్ వెనక్కి తిరుగుతుంది, గోల చేస్తుందే గానీ ప్రెషర్ రాదు.

అంతా అయ్యాక వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. రిలే దగ్గర జంపర్ వైరు వేసి పంప్‌ని కొన్ని సెకన్లు నడిపి, పొడి టిష్యూ కాగితం ప్రతి జాయింట్ చుట్టూ తిప్పి చూడండి, కంటికి కనపడని తడి కూడా దాని మీద తెలిసిపోతుంది. ఆ టైంలో ఇంజిన్ పీల్చే గాలికి లేచే ఎయిర్‌ఫ్లో ప్లేట్ మాత్రం ఎవరూ ఎత్తకుండా చూసుకోండి, ఎత్తితే ఆరు ఇంజెక్టర్లూ ఆగి ఉన్న ఇంజిన్‌లోకే కొట్టేస్తాయి.