చివరి సెకన్లలో మోగని ఈల

2019 ఏప్రిల్ 6న మినియాపొలిస్‌లో జరిగిన అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్‌లో ఆబర్న్ జట్టు 62–60తో ముందుంది. ఆట ముగియడానికి 0.6 సెకన్లు మాత్రమే మిగిలి ఉండగా, మూడు పాయింట్ల షాట్ వేస్తున్న వర్జీనియా ఆటగాడు కైల్ గైని ప్రత్యర్థి ఢీకొన్నాడంటూ రిఫరీ ఈల ఊదాడు. ఫౌల్‌కు బదులుగా వచ్చిన మూడు ఫ్రీ త్రోలనూ (ఎవరూ అడ్డుకోకుండా వేసే, ఒక్కో పాయింట్ విలువైన షాట్లు) గై బుట్టలో వేయడంతో 63–62తో గెలిచిన వర్జీనియా, రెండు రోజుల తర్వాత టైటిల్ కూడా సాధించింది. అటువంటి క్షణంలో ఫౌల్ ఇవ్వడమేమిటని చాలామంది ఆగ్రహించారు; చివరి క్షణాల్లో రిఫరీ ఈల ఊదకుండా వదిలేయాలన్నది వారి వాదం. అంతకు కొద్ది సెకన్ల ముందు వర్జీనియాకే చెందిన టై జెరోమ్ డబుల్ డ్రిబుల్ (బంతిని నేలకు కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టే తప్పు) చేసినా ఈల మోగలేదు. ఊదిన ఈలా ఊదని ఈలా ఒకే జట్టుకు కలిసివచ్చినా, మొదటిదానికే రిఫరీ జోక్యమన్న పేరు వచ్చింది.

ఒక పని చేయడం వల్ల కలిగిన నష్టాన్ని, చేయకపోవడం వల్ల కలిగిన అంతే నష్టం కంటే ఘోరమైనదిగా భావించే ధోరణి మనుషులలో ఉందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల తొలినాళ్ల నుంచే ప్రయోగాలతో చూపుతున్నారు. టీకా వల్ల వచ్చే ప్రమాదానికి జంకి, టీకా వేయించకపోవడం వల్ల వచ్చే పెద్ద ప్రమాదాన్ని కొందరు తల్లిదండ్రులు అంగీకరించడం అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ. వేలమంది అరుపుల మధ్య నిలబడిన రిఫరీకి ఈ ధోరణి ఉండదనుకోవడం అత్యాశే.

మౌనం తటస్థం కాదని చిన్న లెక్క చెబుతుంది. 2023 జనవరి 28న బోస్టన్‌లో లేకర్స్, సెల్టిక్స్ జట్ల మధ్య జరిగిన ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలో స్కోరు 105–105గా ఉండగా, నిర్ణీత సమయంలోని చివరి షాట్ వేస్తున్న లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ చేతిని సెల్టిక్స్ ఆటగాడు జేసన్ టేటమ్ తాకినా ఫౌల్ ఇవ్వలేదు. జేమ్స్ తన కెరీర్‌లో నాలుగు ఫ్రీ త్రోలకు సుమారు మూడు చొప్పున వేసినవాడు. ఫౌల్ ఇచ్చి ఉంటే అతనికి రెండు ఫ్రీ త్రోలు వచ్చేవి; ఆ రెండూ తప్పిపోయే అవకాశం పదహారింట ఒకటి మాత్రమే కనుక, కనీసం ఒక పాయింట్ వచ్చే అవకాశం దాదాపు 94 శాతం. ఈల మోగకపోవడంతో ఆట అదనపు సమయానికి వెళ్లి, సెల్టిక్స్ 125–121తో గెలిచింది. ఫౌల్‌ను గమనించలేదని రిఫరీల బృంద నాయకుడు ఆ రాత్రే అంగీకరించాడు.

పైగా, చివర్లో ఈల మోగదని ముందే తెలిస్తే షాట్ వేసేవాడి చేయి పట్టుకుని లాగడమే డిఫెండర్‌కు తెలివైన ఎత్తు అవుతుంది. వదిలేయాలనే వాదంలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. అలాగని చిన్నపాటి తాకిడికల్లా ఊదమని కాదు; మొదటి క్వార్టర్‌లో ఏ తాకిడిని వదిలేశారో చివర్లోనూ దాన్నే వదిలేయాలి, అప్పుడు ఫౌల్ అన్నది ఇప్పుడూ ఫౌలే కావాలి.

హోరాహోరీ ఆటల చివరి రెండు నిమిషాల నిర్ణయాలపై ఎన్‌బీఏ 2015 నుంచి నివేదికలు ప్రకటిస్తోంది. అవి ఫలితాన్ని మార్చవు గాని, వాటిలో తప్పుగా ఊదినవాటి కంటే ఊదకుండా వదిలేసిన తప్పులే ఎక్కువగా కనిపిస్తాయి. 2019–20 సీజన్‌లో కోచ్‌లకు రిఫరీ నిర్ణయాన్ని సవాలు చేసే హక్కు వచ్చింది. అయితే ఇచ్చిన ఫౌల్‌ను సవాలు చేయవచ్చు గాని, ఇవ్వని ఫౌల్‌ను ఇవ్వమని నేరుగా అడిగే వీలు లేదు.

ఎన్‌బీఏ మేటి ఆటగాళ్లు తలపడే ఆల్‌స్టార్ ఆటలో 2020లో నాలుగో క్వార్టర్‌కు గడియారమే తీసేసి, 157 పాయింట్లు ముందుగా చేరినవారే విజేతలన్నారు. అక్కడా రిఫరీ ఈల ఊదక తప్పలేదు: ఆంథొనీ డేవిస్ రెండు ఫ్రీ త్రోలలో మొదటిది తప్పిపోగా, రెండోదానితో ఆట 157–155 వద్ద ముగిసింది.