డెల్టా మట్టిలో మెలియాయిడోసిస్: నీటి రిపోర్టు చెప్పని సంగతి

2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరస మరణాలకు మెలియాయిడోసిస్ (మట్టిలో, నీళ్లలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు) కారణం కావచ్చన్న అనుమానం బయటికొచ్చాక, ఆ పేరు గోదావరి జిల్లాల్లోనూ నలుగుతోంది. జ్వరంతో ఎవరైనా చనిపోతే ఊరివాళ్లు నీళ్లు బాగాలేవంటారు. అధికారులు శాంపిళ్లు తీసి నీళ్లు బాగానే ఉన్నాయంటారు, పోయిన మనిషికి షుగరో తాగుడో ఉందంటారు.

ఈ క్రిమిని 1911లో రంగూన్‌లో కనుక్కున్న కథ ఇప్పటికే అందరూ రాశారు. కాటన్ దొర ఆనకట్ట నుంచి ఎత్తుకోవాల్సిన పనీ లేదు. ఇవాళ్టి గొడవను అర్థం చేసుకోవాలంటే 1989కి వెళ్లాలి.

ఈశాన్య థాయిలాండ్‌లోని ఉబోన్ రాచతాని కూడా వరి పండించే ప్రాంతమే. అక్కడి ఆసుపత్రిలో ముదిరిన కేసులకు అప్పటిదాకా వాడుతున్న మందుల బదులు సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. పాత మందులతో 74 శాతం మంది చనిపోతే, కొత్త మందుతో 37 శాతం. ఏ క్రిమో తెలిసినా చేసేదేముందిలే అన్న మాట ఆ ఏడాదితో చెల్లకుండా పోయింది. ఆస్ట్రేలియాలోని డార్విన్ ఆసుపత్రి కూడా 1989లోనే ప్రతి కేసునూ నమోదు చేయడం మొదలుపెట్టింది. తొలి ఐదేళ్లలో 31 శాతం ఉన్న మరణాలు ముప్పై ఏళ్లు తిరిగేసరికి 6 శాతానికి దిగాయి.

మన డెల్టాకు ఆ మలుపు ఇంకా రాలేదు. జ్వరమంటే ముందు సెఫ్ట్రియాక్సోన్ అనే వేరే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు, దీనికి అది సరిపోదు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ అనుకుంటారు. రక్తం కల్చర్‌కు, అంటే ల్యాబులో ప్లేటు మీద క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపినా గండం గడవదు. మొదటి రోజు ప్లేటు మీద చిన్న చుక్కలే కనిపిస్తాయి. రెండో రోజు, మూడో రోజు దాకా ఉంచితే అవి ఎండి ముడతలు పడతాయి. అంతదాకా ఆగకుండా సూడోమోనాస్ అనే మామూలు క్రిమి అనో, బయటి నుంచి చేరిన క్రిమి అనో రాసి పక్కన పెట్టేస్తే అంతే సంగతులు. ఏ మందుకు లొంగుతుందో చూడ్డానికి ప్లేటు మీద పెట్టే మందు బిళ్లల్లో జెంటామైసిన్, కొలిస్టిన్ బిళ్లల చుట్టూ క్రిమి పెరిగి, అమాక్సిక్లావ్ బిళ్ల చుట్టూ పెరగకపోతే అనుమానించాలి. దానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. మన దేశంలో వెల్లూరు, మణిపాల్ లాంటి చోట్ల వెతికే ల్యాబులున్నాయి, అందుకే అక్కడ దొరుకుతోంది. ప్రపంచంలో ఏటా 1,65,000 కేసులు, 89,000 మరణాలు ఉంటాయని 2016లో ఒక అంచనా వచ్చింది. అందులో 44 శాతం కేసులు దక్షిణాసియావే.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు వచ్చే ముప్పు పదింతలకు పైనే, అధికారులు చెప్పే ఆ మాట నిజం. అయితే షుగర్ ఈ జబ్బును లోపలికి రానిస్తుందే తప్ప క్రిమిని పుట్టించదు. జూలైలో దమ్ము చేసిన చేలో దిగి చూస్తే దారి తెలుస్తుంది. ఊడ్పులకు వచ్చిన ఆడవాళ్లు పొద్దుటి నుంచి పిక్కల దాకా బురదలోనే ఉంటారు. వేళ్ల సందులు నాని తెల్లబడి చిట్లుతాయి, మడమల పగుళ్లలోకి మట్టి దిగుతుంది. చెప్పుల్లేని ఆ కాళ్లకు షుగర్ కూడా ఉంటే, గాయమైన సంగతే తెలియదు.

ఇక నీళ్లు. ఊరివాళ్ల మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు. 1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక మారుమూల పల్లెలో జబ్బు పడ్డవాళ్లలో కనిపించిన క్రిమే అక్కడి తాగునీటి ప్లాంటులోనూ దొరికింది. కాలువలకు నీళ్లు కట్టేశాక వేసవంతా చెరువు నీళ్ల మీద బతికే ఊళ్లు మన డెల్టాలో ఎన్నో. క్లోరిన్ సరిగ్గా కలిపితే ఈ క్రిమి చస్తుంది, కలపని రోజు సంగతేమిటి? మామూలు నీటి పరీక్ష చూసేది కోలిఫామ్ అనే బ్యాక్టీరియాను. రిపోర్టు బాగుందంటే మురుగు కలవలేదని అర్థం, మెలియాయిడోసిస్ క్రిమి కోసం అందులో అసలు వెతకనే లేదు. అలాంటి కాగితం చూపించి ఊరి నోరు మూయించడం అన్యాయం.

గుర్తించినా పది పద్నాలుగు రోజుల ఇంజెక్షన్లతో పని అయిపోదు. ఆ తర్వాత కనీసం మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు మింగాలి, మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. జ్వరం తగ్గగానే కూలికి పోయే మనిషి చేత మూడు నెలలు మందు మింగించాలంటే ఊళ్లోని ఆశా కార్యకర్తకు ఆ జబ్బు పేరు తెలియాలి. ఆ పేరు రాయాల్సింది జిల్లా ల్యాబ్.