గోష్ఠిలో కొత్తగా చేరిన పిల్లలకు

చిరంజీవులకు,

మీ బామ్మ ఆశీస్సులు. త్యాగరాజ ఆరాధనకి గుడిలో పాడే గోష్ఠిలో మీరూ చేరారని మీ అమ్మ చెప్పింది. తప్పు పాడితే అందరూ నవ్వుతారేమోనని టెన్షన్ పడుతున్నారట. అంతమందిలో మీ తప్పు పక్కనున్న ఇద్దరికి తప్ప వినబడదు. కాబట్టి బాగా వచ్చినవాళ్ళ పక్కన చూసుకుని కూర్చోండి.

మొదట్లో గొంతు సగానికి తగ్గించి పాడండి. పక్కవాళ్ళ పాట మీ చెవిన పడకపోతే మీరు అరుస్తున్నారన్నమాటే. గట్టిగా పాడితే బాగా పాడినట్టని పెద్దవాళ్ళలోనూ కొందరి నమ్మకం, ఆ సంగతి పైకి అనకండి. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకే శ్రుతికి పాడాలి గనక అది ఎవరికీ పూర్తిగా హాయిగా ఉండదు. కింది స్వరాలు అందని చోట ఊరుకోండి.

పంచరత్నాలంటే ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగయ్య కీర్తనలు అయిదు. వాటి రాగాలు వరసగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదూ ఆదితాళమే. నాటలోది సంస్కృతం, మిగతావి తెలుగు. చరణాల్లో ముందు స్వరం, అంటే సరిగమలు పాడి, అదే వరసలో సాహిత్యం, అంటే పాట మాటలు పాడతారు. కొత్తవాళ్ళు తడబడేది ఈ స్వరాల దగ్గరే. రాకపోతే పెదవులు కదిపి నటించొద్దు, తాళం వేస్తూ వినండి. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిదీ తప్పకుండా వేస్తే సాహిత్యం ఎక్కడ అందుకోవాలో చెయ్యే చెబుతుంది. పాట ప్రతిసారీ దెబ్బ మీదే మొదలవదు, కాస్త ఆగి ఎత్తుకునే చోట్లూ ఉంటాయి. అక్కడ తొందరపడితే మటుకు అందరికీ వినబడుతుంది!

వరాళిని గురువు ఎదుట కూర్చోబెట్టుకుని నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని పాత నమ్మకం. అందుకని విని నేర్చుకున్నవాళ్ళు చాలామంది. మీరూ అలాగే వినండి.

ఇదంతా బరువనిపిస్తే దివ్యనామ కీర్తనలతో మొదలుపెట్టండి. పదిమందీ కలిసి పాడుకోవడానికి త్యాగయ్య కట్టినవి. 'తవ దాసోహం' చూడండి, ఒక చరణం వరస వస్తే మిగతా చరణాలన్నీ వచ్చినట్టే.

ఊపిరి అందరూ ఒకేచోట తీసుకుంటే పాట తెగిపోతుంది. పక్కవాళ్ళు పాడుతుండగా మీరు తీసుకోండి, మాట మధ్యలో మాత్రం వద్దు. ఫోన్లో సాహిత్యం చూస్తూ తలవంచి పాడితే శబ్దం ఒళ్ళోకే పోతుంది. నాలుగు పంక్తులైనా నోటికి రానివ్వండి.

త్యాగయ్య 1847లో పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఆరాధన ఆ తిథికే గనక తారీఖు ఏటా మారుతుంది, ఎక్కువగా జనవరిలో వస్తుంది. స్కూల్లో సెలవు చీటీ ముందే ఇచ్చేయండి. అయిదు కీర్తనలకీ సుమారు గంట పడుతుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇంట్లో కింద కూర్చుని అలవాటు చేసుకోండి. పొద్దున్నే ఇడ్లీ చాలు. పులిహోర పాట అయ్యాక ఎలాగూ పెడతారు.

ఇట్లు
మీ బామ్మ