ఐదో తరగతి దాకా ఆటల మాస్టారు ఎందుకు లేరు?

గుంటూరులో ఒక ప్రాథమిక పాఠశాల. మూడో తరగతి గోడ మీద అతికించిన టైంటేబుల్లో చివరి పీరియడ్ ‘ఆటలు’ అని ఉంది. నేను వెళ్లేసరికి ఆ పీరియడే నడుస్తోంది, పిల్లలు మాత్రం పన్నెండో ఎక్కం అప్పజెబుతున్నారు. ఇదేంటండీ అంటే టీచరుగారు కాస్త మొహమాటపడి, “మాకు పీఈటీ లేరు కదండీ” అన్నారు. నిజమే, పీఈటీ అంటే ఆటల మాస్టారు లేరు. ఎందుకు లేరంటే కథ మద్రాసు దాకా వెళ్తుంది.

1953 అక్టోబరు 1 దాకా గుంటూరు, కృష్ణా జిల్లాలు మద్రాసు కిందే ఉన్నాయి. బడిలో వ్యాయామం అనేదీ మనకు అటునుంచే ‘డ్రిల్లు’ పేరుతో వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టాడు. దేశంలో అలాంటి కాలేజీ అదే మొదటిది. అంతకుముందు మన పిల్లలు పరిగెత్తలేదా అంటే, చెడుగుడు, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట ఉండనే ఉన్నాయి. వాటికి మాస్టారి అవసరం లేదు. డ్రిల్లుతో పరుగుకు ఒక బెల్లు, ఒక విజిల్, ఒక మనిషి ఏర్పడ్డారు. మంచిదే. కానీ ఆ మనిషిని పెట్టుకునే స్తోమత ఎక్కువగా హైస్కూళ్లకే ఉండేది. చిన్నబడికి డ్రిల్లు మాస్టారు రాలేదు. ‘ఆటలంటే ఆయన పని’ అన్న మాట మాత్రం వచ్చి స్థిరపడిపోయింది.

విద్యాహక్కు చట్టం దీన్ని మారుస్తుందేమో అనుకున్నవాళ్లున్నారు. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఆ చట్టం షెడ్యూలు చదివితే విషయం తేలిపోతుంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు టీచర్ల లెక్క తలల లెక్కే: 60 మంది దాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు. అందులో ఆటలకంటూ ఎవరూ లేరు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. అంటే పిల్లాడికి పదకొండేళ్లు వచ్చేదాకా చట్టం దృష్టిలో వ్యాయామం నేర్పేవాడు అక్కర్లేదు. కాళ్లు ఊరుకోని వయసు అంతకు ముందే కదా! ఇక ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అదే షెడ్యూల్లో ఉంది. ఎన్ని గజాలో లేదు.

ఆ ఖాళీ విలువ విజయవాడలో బాగా తెలుస్తుంది. ఎంసెట్ ర్యాంకుల కోసం ఇక్కడ, గుంటూరులో మొలిచిన కోచింగు సంస్కృతి ముందు ఇంటర్‌కు, తర్వాత హైస్కూలుకు, చివరికి ఫౌండేషన్ పేరుతో చిన్న తరగతులకూ దిగింది. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నాలుగంతస్తుల బడి, కింద పార్కింగు. ఆ పార్కింగే ఆటస్థలం. తల్లిదండ్రులూ తక్కువ తినలేదు. ఆటలాడితే చదువు చట్టుబండలవుతుందని మనమే అన్నాం, ఫీజు కట్టేముందు గ్రౌండెక్కడ అని అడగనిదీ మనమే. తప్పంతా సెల్‌ఫోన్ మీదకు తోసేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఈ చిక్కుముడి వేరే చోట ఎలా విడిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. స్కాట్లాండులోని స్టిర్లింగులో సెయింట్ నినియన్స్ ప్రైమరీ బడి. హెడ్మాస్టరు ఎలైన్ వైలీ పెద్ద తరగతి పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తిస్తే చాలామంది ఒక్క రౌండుకే ఆయాసపడ్డారు. 2012 ఫిబ్రవరిలో ఆవిడ రోజుకు పావుగంట పరుగు పెట్టారు. అదే ‘డైలీ మైల్’. పోటీ లేదు, విజిల్ లేదు, బట్టలు మార్చుకునే పని లేదు. పరిగెత్తలేనివాళ్లు నడవొచ్చు. తీసుకెళ్లేది వ్యాయామ ఉపాధ్యాయుడు కాదు, క్లాసు టీచరే. 2018లో వచ్చిన అధ్యయనంలో, పరుగు పెట్టిన బడి పిల్లల్లో రోజూ ఒళ్లు కదిలించే సమయం పెట్టని బడితో పోలిస్తే సుమారు 9 నిమిషాలు పెరిగిందని, కూర్చునే సమయం 18 నిమిషాలు తగ్గిందని తేలింది. రెండే రెండు బడుల పోలిక అది, నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చింది అంకెలు కాదు, పరుగుకు మాస్టారు అక్కర్లేదన్న పాత సంగతి మళ్లీ బయటికి రావడం.

మన దగ్గర 2019 ఆగస్టు 29న కేంద్రం వ్యాయామ ప్రచారం ‘ఫిట్ ఇండియా’ మొదలైంది. పిల్లలకు రోజుకు సగటున గంట వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరోసారి చెప్పింది. ఆ ఏడాదే అక్టోబరు 8న, విజయవాడకు దగ్గర్లోని పునాదిపాడులో, బడి సామాను ఉచితంగా ఇచ్చే విద్యాకానుక పథకం మొదలుపెట్టి సర్కారు బడి పిల్లలకు బూట్లూ ఇచ్చారు.

ఆ గుంటూరు బడిలో ఆ బూట్లు జతలు జతలుగా గుమ్మం బయట ఉన్నాయి. ముందున్న జాగాను అడుగులతో కొలిచాను. పొడవు 40 మీటర్లు, వెడల్పు 20 ఉంటుంది. చుట్టూ తిరిగితే 120 మీటర్లు, పదమూడు రౌండ్లు తిరిగితే మైలుకు కాస్త తక్కువ. అదే టీచరుగారితో అన్నాను. ఆవిడ ముందు ఎండ సంగతి ఎత్తారు: మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ప్రార్థన కాగానే తప్ప కుదరదన్నారు. తర్వాత గుమ్మం వైపు చూసి నవ్వారు. “బూట్లు వేసుకునేసరికే మీ పావుగంట అయిపోద్దండీ. వట్టికాళ్లతోనే పంపిస్తాలెండి.”